ఐసుగడ్డ మీద మూడు చేతులు

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న ఇద్దరు కుర్రవాళ్లు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, మీ రోజుల్లో ఎలా ఉండేదండీ అని అడిగారు. వాళ్లకు కావలసింది సెక్షన్ల సంగతి. సెక్షన్లు పుస్తకంలో ఉన్నాయి, నాకంటే మీకే బాగా వచ్చు అన్నాను. పుస్తకంలో లేని సంగతి ఒకటుంది. ఈ పని మనిషిని ఒంటరిని చేస్తుంది. ఏ వ్యాపారి ఏ వ్యాపారితో కూర్చుని టీ తాగుతున్నాడో, ఏం మాట్లాడుకుంటున్నారో కనిపెట్టడం మన పని. అలాంటివాడితో కూర్చుని టీ తాగాలని ఎవరికీ అనిపించదు. ఈ మాట చెబితే వాళ్లు నవ్వారు, ముసలాయన హాస్యమాడుతున్నాడనుకున్నారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

పని ఏమిటంటే

గుత్తాధిపత్యాన్నీ, పోటీని అణిచే వ్యాపార పద్ధతులనూ అదుపు చేయడానికి 1969లో ఒక చట్టం వచ్చింది. ఒకే సరుకు అమ్మే ఇద్దరు ముగ్గురు తమలో తాము ఒప్పందం చేసుకుంటే, అది పోటీని తగ్గించేదైతే, ఢిల్లీలో రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించాలి. జనానికి చెరుపు చేసేదని తేలితే దాన్ని కమిషను కొట్టేస్తుంది. రాసుకున్నదే కానక్కరలేదు, నోటిమాటా ఒప్పందమే, కనుసైగా ఒప్పందమే. అలాంటివాటి మీద విచారించి నివేదికలు పంపే ఒక చిన్న కార్యాలయంలో నేను డెబ్బైల మొదట్లో హైదరాబాదులో చేరాను. పేరుకే కార్యాలయం. ఒక పై అధికారి, నేను, ఒక టైపిస్టు.

కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు, పోటీదారులు కలిశారంటే చాలు కుట్ర అనుకోవడం. కాదు. ఇద్దరు ప్రత్యర్థులు కలిసి గోదాము కట్టుకోవచ్చు, యంత్రం పంచుకోవచ్చు, కష్టంలో ఒకరికొకరు సరుకు సర్దుకోవచ్చు. దానివల్ల జనానికి మేలు జరిగితే తప్పు లేదు. ఆ మేలు కోసం వాళ్లు పెట్టుకున్న కట్టడి నిజంగా అవసరమా, లేక మేలు పేరు చెప్పి ధర పెంచుకుంటున్నారా అన్నదే మనం చూడాలి. పెద్ద కంపెనీల ఫైళ్లలో ఇది తేల్చుకోవడం కష్టం. వాళ్ల వకీళ్లు సహకారం, సమన్వయం, సాంకేతిక సాయం అంటూ ఎంత తియ్యగా రాస్తారంటే, చదువుతుంటే మనకే వాళ్లకు శాలువా కప్పాలనిపిస్తుంది. నేను పని నేర్చుకున్నది ఆ ఫైళ్లలో కాదు, పాతబస్తీలో మూడు ఐసు ఫ్యాక్టరీల దగ్గర.

శాలిబండలో గది

మాది గోదావరి జిల్లా. నేను వచ్చేసరికి ఊళ్లో ఆంధ్రా ఉద్యోగులంటే ఇంకా మండిపడుతున్నారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కోపంలో న్యాయం ఉందనిపిస్తుంది. అప్పుడు మాత్రం నాకు కావలసింది గది. చివరికి శాలిబండలో ఒక మేడ మీద దొరికింది. పెళ్లి కాలేదు, తర్వాత కూడా కాలేదు. ఆదివారం వస్తోందంటే నాకు భయం వేసేది. పొద్దున్నే చార్మినార్ దాకా నడిచి, గాజుల దుకాణాల మధ్య జనంలో తోసుకుంటూ తిరిగి వచ్చేవాణ్ని. ఏమీ కొనేవాణ్ని కాదు. నలుగురి భుజాలు తగులుతాయని, అంతే.

మా సందు చివర యాదగిరి అనే ఆయన ఐసు ఫ్యాక్టరీ ఉండేది. మొదటి వేసవిలో ఒక ఐసు ముక్క కొనుక్కుందామని వెళ్లాను. ఒట్టి బనీనుతో నిలబడి గోనెసంచులు తడుపుతున్న యాదగిరి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏడికెల్లి వచ్చినవు తమ్మీ?"

"తణుకు దగ్గరండీ."

"గోదారి సారువా! ఒక్కనివే ఉంటవా? తిండి ఎట్ల మరి?"

"హోటల్లో తింటానండీ."

"రోజూ హోటల్ల తిని పాణం ఖరాబ్ జేసుకుంటవా ఏంది? ఆగు." లోపలికి తిరిగి కేకేశాడు. "అంజమ్మా, ఇంకో పళ్లెం పెట్టు!"

ఫ్యాక్టరీ వెనకాలే వాళ్ల ఇల్లు. ఆయన భార్య అంజమ్మ గారు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నేను రొట్టె తినే తీరు చూసి ఇద్దరూ పడీపడీ నవ్వారు. వచ్చే ఆదివారం కూడా రమ్మన్నారు. వెళ్లాను. తర్వాత పిలవకుండానే వెళ్లడం మొదలుపెట్టాను. కొన్నేళ్లపాటు ఆ ఊళ్లో నాకున్న ఇల్లు అదే.

రెండు వాక్యాల ఒప్పందం

పాతబస్తీ ఆ దిక్కున ఐసు చేసేవాళ్లు ముగ్గురు. శాలిబండలో యాదగిరి, చార్మినార్ దగ్గర ఖాదర్ భాయ్, ఫలక్‌నుమాలో, రైల్వే పని మానేసి వచ్చిన సైమన్. ముగ్గురూ పొద్దున లేస్తే కొట్లాటే. ఒకడు గడ్డ మీద కాస్త తగ్గించాడని తెలిస్తే ఎండెక్కేలోగా రెండోవాడు తగ్గించేవాడు. కుల్ఫీ బండివాళ్లను, షర్బతు అంగళ్లవాళ్లను ఒకరి దగ్గర నుంచి ఒకరు లాక్కునేవారు. ఖాదర్ పేరెత్తితే యాదగిరి బూతులు తిట్టేవాడు.

కానీ ఐసు చేసేది అమ్మోనియా కంప్రెసరు. అది ఆగిందంటే ఉప్పునీటి తొట్టిలో ముంచిన డబ్బాల్లో గడ్డ కట్టదు, ఉత్త నీళ్లే. నడివేసవిలో ఆగితే ఆ ఫ్యాక్టరీని నమ్ముకున్న బండ్లవాళ్లకు, చేపలవాళ్లకు ఆ రోజు పని లేదు. యాదగిరి కంప్రెసరు ముగ్గురి వాటిలోకి పాతది, ఏటా మొరాయించేది.

అందుకని వాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. శివరాత్రి దాటి ఎండ ముదరగానే ముగ్గురూ ఎవరో ఒకరి ఫ్యాక్టరీలో కలుస్తారు. అప్పుడే డబ్బాలోంచి తీసిన గడ్డ మీద ముగ్గురూ తలో చెయ్యి ఆనిస్తారు. ఆ ఫ్యాక్టరీవాడు మాట చెప్పాలి, చెప్పడం అయ్యేదాకా ఎవరూ చెయ్యి తీయకూడదు. ఒక ఏడాది యాదగిరి నన్నూ తీసుకెళ్లి పక్కన నిలబెట్టాడు. ఖాదర్ భాయ్ చెప్పాడు.

"ఎవని మిషిని బంద్ అయితే వాని గిరాకికి మన గడ్డ పోవాలె. మిషిని చాలూ అయినంక ఎవని గిరాకి వానికే."

అంతే ఒప్పందం. ముగ్గురూ ఎర్రబడ్డ చేతులు తుండుగుడ్డకు తుడుచుకుని, మళ్లీ తిట్టుకుంటూ బయటికొచ్చారు.

ఆ రెండో వాక్యం వినగానే నాలోని ఉద్యోగి చెవులు నిక్కబొడుచుకున్నాయి. గిరాకిని, అంటే కొనేవాళ్లను, పంచుకోవడం మన చట్టానికి గిట్టని పని. యాదగిరిని అడిగాను.

"ఆ రెండో మాట ఎందుకండీ? గడ్డలిస్తాం అంటే చాలదా?"

"నీకు సమజ్ గాలే తమ్మీ. గా మాట లేకుంటే ఏమైతది? నా మిషిని బంద్ అయితది. ఖాదర్ గడ్డ పంపుతడు. నా కుల్ఫీవాడు ఖాదర్‌కే అలవాటయితడు. రేపు నేనెవర్ని అడుగుత? మిషిని బంద్ అయిందని బయట చెప్పనే చెప్ప. నా గిరాకి ఎండల సావాలె, గంతే."

ఆ ఒక్క జవాబు నాకు మన శాస్త్రం నేర్పింది. రెండో మాట లేకపోతే మొదటి మాట నిలవదు. మేలుకు కావలసినంత కట్టడి అంటే అది.

అర్జీలాయన పెద్దరికం

కొన్నాళ్లకు, ఒప్పందాలు నమోదు చేయకపోతే జైలేనని ఖాదర్ భాయ్ ఎవరి దగ్గరో విన్నాడు. ముగ్గురికీ గుండెల్లో రాయి పడింది. పక్క సందులో ఆ పనే చేసే నేను ఉన్నాను కదా, నన్ను అడగొచ్చు కదా? అడగలేదు. పిల్లవాణ్ని ఇరకాటంలో పెట్టొద్దని యాదగిరే వద్దన్నాడట. అది వాళ్ల మర్యాద. కచేరీ బయట అర్జీలు రాసే పెద్దాయన దగ్గరికి వెళ్లి రెండు వాక్యాలూ చెప్పారు.

ఆయనకు అది నామోషీగా తోచింది. ఇంత చిన్న మాట స్టాంపు కాగితం మీద రాస్తే సర్కారు ఖాతరు చేయదన్నాడు. ఆయన దగ్గర ఏవో పెద్ద ఫ్యాక్టరీల ఒప్పందం నకలు ఉంది. దాన్ని చూసి బరువుగా, అందంగా రాసిపెట్టాడు. వాళ్ల రెండు వాక్యాలకు తోడు, ధర ముగ్గురూ కూడబలుక్కుని నిర్ణయిస్తారు, ఎవరి బస్తీలో వారే అమ్ముతారు, మీరినవారికి జరిమానా. వాళ్లు ఆయనకు చెప్పని పాపాలన్నీ అందులో ఉన్నాయి. వీళ్లు సంతకాలు చేసి, దస్తావేజు మస్తుగ వచ్చిందని సంబరపడి ఢిల్లీకి పంపారు.

ఢిల్లీ నుంచి అది విచారణకు మా ఆఫీసుకే వచ్చింది. మా పై అధికారి కృష్ణమూర్తి గారు చదివి కళ్లజోడు తీశారు.

"ఐసు ఫ్యాక్టరీలటయ్యా. సిమెంటు కంపెనీలకు కూడా ఇంత ధైర్యం లేదు."

నేను ఉన్న సంగతి చెప్పాను. "ఈ యాదగిరి గారింట్లో నేను భోంచేస్తుంటానండీ. ఇది ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఇంకెవరున్నారు? టైపిస్టుకు ఇవ్వనా? నువ్వే చెయ్యి. నివేదిక మొదటి పేరాలోనే ఆ భోజనాల సంగతి రాసెయ్యి. ఇవాళ్టి నుంచి అక్కడ తినకు."

కృష్ణమూర్తి గారు చాలా విషయాల్లో చిరాకు మనిషి. మాట వరసకైనా ఒకరిని మెచ్చుకోవడం చూడలేదు. కానీ అధికారిగా అంత నిక్కచ్చి మనిషిని మళ్లీ చూడలేదు. ఆ ఆదివారం వెళ్లి గుమ్మంలోనే నిలబడి సంగతి చెప్పాను. అంజమ్మ గారు పళ్లెం చేతిలో పట్టుకునే వింది. "అయితే గా పని అయిపోయినంక వస్తవు గద?" అంది. వస్తానన్నాను.

ఒప్పందం మొత్తం కొట్టేస్తే ఏమవుతుందో యాదగిరికీ, ఆమెకూ, నాకూ తెలుసు. కంప్రెసరు మళ్లీ ఆగిన రోజున యాదగిరికి గడ్డ ఇచ్చేవాడు ఉండడు. ఆ వేసవితో ఫ్యాక్టరీ మూతపడుతుంది.

మే నెల

విచారణకు దస్తావేజు చదివితే చాలదు, కొనేవాళ్ల దగ్గర నిలబడాలి. పొద్దున్నే షర్బతు అంగళ్ల దగ్గరికి, చేపల బజారుకు వెళ్లాను. ఈ ముగ్గురూ కలిసి ధర కడుతున్నారా అని అడిగితే ఒక కుల్ఫీవాడు నన్ను వింతగా చూశాడు.

"కలుసుడా? వాళ్లు కొట్లాడుకుంటరు సాబ్, మేం బతుకుతం. లొల్లి బంద్ చేయించకుండ్రి."

ఎవరి బస్తీ వారిదన్నదీ అబద్ధమే. సైమన్ గడ్డలు శాలిబండలో అమ్ముడవుతున్నాయి. జరిమానా మాట ఎవరూ వినను కూడా వినలేదు. అన్నీ సంతోషంగా రాసుకున్నాను.

ఒక్కటే మిగిలింది. అంతకు ముందు వేసవిలో ఒక ఆదివారం, రొట్టె తుంచుకుంటూ యాదగిరి నవ్వుతూ అన్న మాట. "మే నెలల మాత్రం ముగ్గురం ఒక్క ధర మీదుంటం తమ్మీ. ఎంత చేసినా సాలది, మల్ల కొట్లాడుడెందుకు?" అప్పుడు నేనూ నవ్వాను. మజ్జిగ పోయించుకున్నాను. ఆ మాట ఐసుగడ్డ మీద చెప్పేది కాదు, దస్తావేజులోనూ లేదు. కానీ దస్తావేజులో ఉన్న పాపాలన్నిటికంటే నిజమైనది అదే. జనానికి ఐసు అన్నిటికంటే అవసరమైన నెలలో ముగ్గురూ కలిసి గొంతు పట్టుకుంటున్నారు. దానికీ కంప్రెసరు ఆగడానికీ ఏ సంబంధమూ లేదు.

వాంగ్మూలం తీసుకోవడానికి ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆయన నోటితోనే చెప్పిద్దామని నా ఆశ.

"మే నెలలో ధర ఎలా ఉంటుందో చెప్పండి."

"ఏ నెలల అయినా గంతే. ఎవని ధర వానిదే."

"మే నెల సంగతి మీరే చెబితే మంచిదండీ. గడ్డలు సర్దుకునే మాట నిలబెట్టడానికి నాకు సులువవుతుంది."

యాదగిరి నా కళ్లలోకి చూశాడు. "ఏ మే నెల? నాకేం ఎరుక లేదు. రాసుకో." సంతకం చేసి కలం నా ముందు పెట్టాడు.

గదికి వచ్చి కూర్చున్నాను. రాయకపోతే అడిగేవాడు లేడు. రాస్తే, అన్నం పెట్టినవాడు అబద్ధం చెప్పాడని సర్కారుకు రాసినట్టు. ఎవరినైనా అడుగుదామంటే, ఇలాంటివి అడగడానికి నాకు ఆ ఊళ్లో ఉన్నది యాదగిరి ఒక్కడే. ఆ సాయంత్రమంత ఒంటరిగా నా బతుకులో ఎప్పుడూ లేను. రాశాను. ఏ ఇంట్లో, ఏం చేస్తుండగా విన్నానో అది కూడా రాశాను. గడ్డలు ఇచ్చిపుచ్చుకోవడం జనానికి మేలని, గిరాకిని తిరిగి అప్పగించే మాట అందుకు తప్పనిసరి అని, మే నెల ధర మాత్రం వట్టి దోపిడీ అని రాశాను.

కృష్ణమూర్తి గారు చదివి ఆ పేరా మీద వేలు పెట్టారు. "ఈ మే నెల పేరా తీసేస్తే ఎవరికీ తెలీదు," అన్నారు.

"ఉండనివ్వండి."

"ఉంచితే నీకు ఆ ఇల్లు పోయినట్టే."

"తెలుసండీ."

ఆయన సంతకం పెట్టి, లేచి నా భుజం మీద చెయ్యి వేశారు. ఉద్యోగమంతటిలో అదొక్కసారే.

ఢిల్లీ

కమిషను విచారణకు అందరం ఒకే రైల్లో వెళ్లాం. వాళ్లు ముగ్గురూ ఒక పెట్టెలో, నేను వేరే పెట్టెలో. ఒక స్టేషన్‌లో నీళ్ల కోసం దిగితే, కిటికీలోంచి కనిపించారు. అంజమ్మ గారు కట్టిచ్చిన రొట్టెలు ముగ్గురూ పంచుకుని తింటున్నారు. ఖాదర్ ఏదో అన్నాడు, సైమన్, యాదగిరి విరగబడి నవ్వారు. ఏడాది పొడుగునా ఒకరి గిరాకి ఒకరు లాక్కునే మనుషులు. నేను సీసా నింపుకుని నా పెట్టెలోకి వెళ్లిపోయాను.

కమిషను ముందు వాళ్ల వకీలు, ఈ అధికారి కక్షతో కల్పించి రాశాడన్నాడు. సభ్యుల్లో తెలుగు వచ్చిన ఒకాయన యాదగిరి వైపు తిరిగి, మే నెల సంగతి నిజమేనా అని నేరుగా అడిగాడు. యాదగిరి లేచి నిలబడ్డాడు. వకీలు చొక్కా లాగాడు. చెయ్యి విదిలించుకున్నాడు.

"వకీలు సాబ్ తప్పు చెప్పిండు సార్. గీ పిల్లవాడు అబద్ధం రాయడు. నేనే అన్న. మా ఇంట్ల అన్నం తినుకుంట ఇన్నడు."

ఆ గదిలో నేను తలెత్తలేకపోయాను. తప్పు చేసినందుకు కాదు. మళ్లీ చేయాల్సి వచ్చినా అదే రాస్తాను, మీరూ రాయండి. అంతమందిలో నా మాటకు సాక్ష్యం చెప్పినవాడు అతనొక్కడే అయినందుకు.

తీర్పు మేం అడిగినట్టే వచ్చింది. ధర, బస్తీలు, జరిమానా కొట్టేశారు. మే నెల ధర మళ్లీ కలిసి కడితే శిక్ష తప్పదన్నారు. యంత్రం ఆగినప్పుడు గడ్డలు సర్దుకోవచ్చు, బాగయ్యాక గిరాకిని తిరిగి అప్పగించవచ్చు, అది జనానికి మేలు అన్నారు. చెడ్డ సంగతి కూడా మేమే రాశాం కాబట్టి మంచి సంగతి నమ్మారని కృష్ణమూర్తి గారు అన్నారు. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇంకొకటి కూడా. మన విచారణలోకి ఏనాడైనా రాగల మనిషి ఇంట్లో మొదటి ముద్ద తినేముందే ఆలోచించుకోండి. తిన్నాక ఆలోచించడం చాలా కష్టం.

మరుసటి వేసవి

తీర్పు సరిగా నడుస్తోందో లేదో చూసి రమ్మని మరుసటి వేసవిలో నన్నే పంపారు. నేను వెళ్లేసరికి యాదగిరి కంప్రెసరు ఆగిపోయి ఉంది. మెకానిక్ విప్పి కింద పరిచాడు. గేటు ముందు ఖాదర్ భాయ్ బండి ఆగి ఉంది, రంపపు పొట్టులోంచి గడ్డలు దించి యాదగిరి కుల్ఫీవాళ్లకు పంచుతున్నారు. ఫ్యాక్టరీ నిలబడింది. నాకు సంతోషం వేసింది.

యాదగిరి తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూసి కుర్చీ వేయించాడు.

"రాసుకోండ్రి సార్. ఖాదర్ గడ్డలొచ్చినయి. నా గిరాకి యాడికీ పోలే. మే నెలల ఎవని ధర వానిదే ఉండె, ముగ్గురం మస్తు కొట్లాడినం."

రాసుకున్నాను. సంతకం చేశాడు. మధ్యాహ్నం దాటింది. లోపల పోపు వేసిన వాసన వస్తోంది. అంజమ్మ గారు తలుపు దాకా వచ్చి, నన్ను చూసి, తిరిగి లోపలికి వెళ్లింది.

"పొద్దెక్కింది," అన్నాడు యాదగిరి. "తిన్నవా అని అడగబుద్ధయితుంది సార్."

నేను కాగితాలు సర్దడం ఆపాను.

"అడిగితే లోపలికొస్తవు. కూసుంటవు. ఏదో మాట నోరు జారుత. గా మాట నువ్వు రాయాలె. రాయకుంటే నువ్వు నువ్వే గావు. నీకెందుకు గా బాధ?" గేటు బయట బండి వైపు చూశాడు. "గందుకే అడుగుత లేను."

"అడగకండి," అన్నాను.

ఆయన తలూపి గడ్డలు దించుతున్నవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను సంచీ భుజాన వేసుకుని సందులోకి వచ్చాను. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. బాగా ఆకలిగా ఉంది.